పేరు చెప్పని ఒకరు

“ఆ ‘ఒకరు’ ఎవరో పేరు చెప్పమన్నాను. ఇంతవరకూ ఉలుకూ పలుకూ లేదు,” అన్నాడు అన్న, ఫోన్లోంచి తలెత్తకుండా.

ఏడాది నిండని మేనకోడలు చెల్లెలి ఒళ్లో ఆడుకుంటోంది.

ఆమె క్రెష్‌లో ఆయా. ‘అక్కడ పనిచేసే ఒకరు చెప్పారు, ఈవిడ పిల్లలకు నిద్రమందు పోస్తోందట’ అని పొద్దున్న కాలనీ గ్రూపులో ఎవరో రాశారు. ఆమె ఒక పిల్లాడికి చెంచాతో ఏదో తాగిస్తున్న వీడియో ముక్క కూడా పెట్టారు. అది ఆ పిల్లాడి తల్లి ఇచ్చి వెళ్లిన దగ్గుమందు. మధ్యాహ్నానికల్లా ఆమె ఉద్యోగం పోయింది.

“ఆ పిల్లాడి వాళ్లమ్మ చేత ఒక్క మాట చెప్పించరాదూ?”

“అడిగానన్నయ్యా. నన్ను ఇందులోకి లాగొద్దంది.”

“పోనీలే. మొహం లేని మాటకి విలువేంటి? అదే రాశాను. నలుగురు ఒప్పుకున్నారు కూడా.”

వదిన వంటింట్లోంచి వచ్చింది. పాప అప్పటికే మేనత్త భుజం మీద వాలి కళ్లు మూసింది.

“అప్పుడే నిద్రేంటి దీనికి? ఏమన్నా పట్టావా?”

“లేదొదినా. ఆడి ఆడి అలిసిపోయింది.”

“ఇలా ఇవ్వు. రేపట్నించి నేనే చూసుకుంటాలే.”

చెల్లెలు అన్న వైపు చూసింది.

అన్న ఫోన్ పక్కన పెట్టి లేచి వచ్చాడు. వంగి, పాప చెవి దగ్గర చిటికె వేశాడు. కదల్లేదు. మళ్లీ వేశాడు. పాప కళ్లు తెరిచింది.

అన్న గుండెల నిండా ఊపిరి తీసుకుని వదిలాడు.

చెల్లెలు పాపను వదిన చేతుల్లో పెట్టింది.