వార్తలు చదివే వంతు

ప్రార్థన ముగిశాక బస్సొచ్చింది.

అప్పటికే మైకు ముందు ఇంకెవరో పిల్ల నిలబడి బడి వార్తలు చదివేసింది.

ఆ కబురు విన్న టైలరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. మిషను మీద సగం కుట్టిన చొక్కాను అలాగే వదిలేసి లేచింది.

ఆ జిల్లాలో సర్కారు బడులన్నిటికీ ఒక పద్ధతి ఉంది. ప్రార్థన కాగానే ఎవరో ఒక విద్యార్థి మైకులో జిల్లా బడుల విశేషాలు చదవాలి. ఏ బడి ఆటల్లో గెలిచింది, ఎక్కడ కొత్త గదులు కడుతున్నారు, సైన్సు ప్రదర్శన ఎప్పుడు, అన్నీ. ఈ వారం వంతు ఆమె కూతురు చిట్టిది. శుక్రవారం విద్యాధికారి కూడా వస్తున్నాడు. ఆయన ముందు తన కూతురి గొంతు మైకులో మోగాలని టైలరమ్మ ఆశ.

అందుకే రోజూ పొద్దున్నే ఇంట్లో రిహార్సలు.

"ఒత్తులన్నీ మింగేస్తున్నావేంటే? నోరా అది, బోరుబావా? మళ్ళీ మొదట్నుంచి చదువు!"

చిట్టి మళ్ళీ చదివేది. మళ్ళీ తప్పు పోయేది.

"నీకంటే ఆ రేడియో నయం. ఏడుపు మొహం పెట్టావంటే వీపు చిట్లుతుంది!"

వాళ్ళాయన పేపరు మడుచుకుని మెల్లగా పెరట్లోకి జారుకునేవాడు. ఆమె నోటికి అడ్డం పడే ధైర్యం ఆయనకి పెళ్ళయిన కొత్తలోనే పోయింది.

ఇంత కష్టపడి తయారు చేస్తే, తీరా బస్సు ఆలస్యం!

"ఎందుకే అంతసేపు?" సాయంత్రం కూతుర్ని నిలదీసింది.

"డ్రైవరు తాతయ్య మలుపు దగ్గర ఆపుతాడమ్మా."

"అక్కడెవరెక్కుతారు?"

"ఎవరూ ఎక్కరు."

"మరి?"

చిట్టి నేలచూపులు చూసింది. "కిందికి దిగి అద్దాలు తుడుస్తాడు. ఈ వారం మరీ ఎక్కువసేపు తుడుస్తున్నాడు."

"అద్దాలా! ఆ ముస్తాబేదో ఇంటి దగ్గరే చేసుకు రావచ్చుగా, నత్త మొహంవాడు!"

మర్నాడే హెడ్మాస్టరు గదిలో పంచాయితీ పెట్టించింది. డ్రైవరుని పిలిపించారు. తాత్కాలికంగా పనిచేస్తున్న ముసలాయన. టైలరమ్మ ఆయనతో ఏనాడూ మాట్లాడింది లేదు. చేతులు కట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"మలుపు దగ్గర బస్సు ఆపుతున్నారటగా, పెద్దాయనా?"

"ఆపుతున్నానండీ."

"రోజూనా?"

"అవసరమైన రోజునండీ."

"ఏమిటా అవసరం?"

డ్రైవరు టైలరమ్మ వంక ఒకసారి చూశాడు. నోరు తెరిచాడు. ఏమనుకున్నాడో, మళ్ళీ మూసుకున్నాడు.

"అద్దాలకి దుమ్ము పడుతుందండీ," అన్నాడు చివరికి.

"ముసురు పట్టి ఊరంతా బురదైతే దుమ్మెక్కడిదయ్యా?" టైలరమ్మ విరుచుకుపడింది. "కట్టుకథలు ఇంకెవరికైనా చెప్పు! నీ తీరుబడికి నా కూతురు బలి కావాలా? ఏళ్ళొచ్చాయి గానీ బుద్ధి రాలేదు. పసిపిల్ల గురించి కాస్తయినా ఆలోచించావా?"

ఆ ఆఖరి మాటకి ఆయన తలెత్తాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. అంతలోనే తల దించేసుకున్నాడు.

"తప్పేనమ్మా," అన్నాడు.

విద్యాధికారి వచ్చేముందు ఈ గొడవెందుకని హెడ్మాస్టరు అక్కడికక్కడే తేల్చేశాడు. "రేపట్నుంచి మీరు రావద్దు. ఇంకొకాయన వస్తాడు."

డ్రైవరు బతిమాలలేదు. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు.

"బాబూ, ఆ కొత్తాయనకి ఒక్క మాట చెప్పండి. మలుపు దగ్గర కాస్త ఆగమని."

"పోతూ పోతూ కూడా పెత్తనమేనా!" అంది టైలరమ్మ.

శుక్రవారం పొద్దున రిహార్సలు ఇంకాస్త గట్టిగానే జరిగింది. చిట్టిని బస్సెక్కించి, టైలరమ్మ మంచి చీర కట్టుకుని ఆటోలో బడికి చేరింది. గంట మోగకముందే బస్సు గేట్లోకి వచ్చేసింది. ఆమె తృప్తిగా కొంగు సర్దుకుంది.

ప్రార్థన అయింది. విద్యాధికారి కుర్చీలో ముందుకు వంగి కూర్చున్నాడు. చిట్టి మైకు ముందుకొచ్చింది.

"మన జిల్లా..."

అంతే. అక్కడే ఆగిపోయింది. మళ్ళీ నోరు తెరిస్తే మాటకి బదులు వెక్కు వచ్చింది. ఆ వెక్కిళ్ళు లౌడుస్పీకర్లలోంచి మైదానమంతా వినిపించాయి. వరసల్లో పిల్లలు కిసుక్కుమన్నారు. హెడ్మాస్టరు కంగారుగా సైగ చేస్తే, టీచరు చిట్టిని పక్కకి తీసుకెళ్ళింది.

టైలరమ్మ వరండాలోకి ఊడిపడి కూతురి రెక్క పట్టుకుంది.

"పరువు తీశావు కదే! బస్సు టైముకే వచ్చిందిగా! ఇంకేం మాయరోగం?"

బస్సులో చిట్టి పక్క సీట్లో కూర్చునే పిల్ల పరుగున వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. దాని ముక్కుపుటాలు అదురుతున్నాయి.

"దాన్నేమీ అనకండి, ఆంటీ!"

"నువ్వెవరే మధ్యలో?"

"మీరు తిడితే అది రోజూ ఏడుస్తూనే బస్సెక్కుతుంది! పాత తాతయ్యయితే దాని ఏడుపు ఆగి, మొహం తుడుచుకునేదాకా బస్సుని బడికి తెచ్చేవాడే కాదు."