కొత్త సర్వర్

"నన్నొగ్గేసి ఆటలేటి?" గుమ్మంలోనే అరిచింది కనక.

ఫల్గుణ తన పాత కంప్యూటర్‌ని గేమ్ సర్వర్‌గా మార్చి, స్నేహితులందరి ఫోన్లూ దానికి కలిపాడని సంతలో విని నేరుగా ఇక్కడికే వచ్చింది. ఇక్కడ చూస్తే అతని పక్కన, రోజూ తను కూర్చునే పీట మీద, స్నేహితురాలు సోని!

విసురుగా ప్లగ్గు పీకేసింది. తెర నల్లబడింది.

"ఏటి సేసినావే! పొద్దున్నుంచీ ఫోన్ సేస్తే నీకు కలవనేదు," అన్నాడు ఫల్గుణ.

"నేను నేకపోతేనేటి? మీరు ఆడేసుకున్నారు కదా!"

"ఒక్కలమూ ఆడనేదు," అంది సోని. "ఊరంతా కూడి కొత్త పండగ సెయ్యకుండా కొత్త మామిడికాయ కొరుకుతామేటే? ఇదీ అంతే. నువ్వొచ్చినాకే మొదలు."

సోని పీట మీంచి లేచింది.

"కూకో. ఇంకెవలూ కూకోకుండా ఇందాకటి నుంచీ కాపలా కాస్తన్నాను."

కనక చేతిలో ప్లగ్గు ఇంకా వెచ్చగానే ఉంది.