కాస్త ఆగండి

“ముప్పై ఎనిమిది... ముప్పై తొమ్మిది... నలభై. అదుగో, తెరుచుకుంది!” అంటూ తల్లి ఫోను బల్ల మీద పెట్టింది.

“నలభై సెకన్లమ్మా! తాళం కొందామని మన సైటుకొచ్చినవాడు ఈలోపు ఇంకో నాలుగు కొట్లు తిరిగేస్తాడు,” అంది కూతురు.

ఉద్యోగం మానేసి ఆమె ఈ తాళాల దుకాణం పెట్టి ఏడు నెలలైంది. వీధిలోంచి వచ్చేవాళ్ళు తక్కువ. వెబ్‌సైటు మీద రోజుకు వచ్చే ఐదారు ఆర్డర్లే ఆధారం. నెలాఖరులోగా అవి పెరగకపోతే షట్టరు దించి, పాత ఆఫీసు మెట్లెక్కడమేనని క్యాలెండరులో ఆఖరి తేదీ చుట్టూ సున్నా చుట్టింది. ఆ సున్నా కంటబడ్డప్పుడల్లా తల్లికి, కూతురు పాత మేనేజరు ముందు చేతులు కట్టుకున్నట్టూ, ఆ దిగులుతో మంచం పట్టినట్టూ, డాక్టరు పెదవి విరిచినట్టూ వరసగా కనిపించేది.

కూతురు వెనక గదిలో ఉంటుంది. అమ్మిన ప్రతి తాళానికీ అదనపు చెవులు కోసే యంత్రం అక్కడే. అది తిరుగుతుంటే నెత్తిన పిడుగు పడ్డా వినపడదు. ముందు గదిలో ఫోను తల్లిది. సైటు తెరుచుకునేదాకా తెర మీద ఒక చక్రం తిరుగుతూ, ‘కాస్త ఆగండి. ఆగలేకపోతే ఫోన్ చేయండి’ అని కనబడుతుంది, కింద నంబరుతో. ఆ రెండో మాట తల్లి పోరు పెట్టి రాయించిందే. ఆగలేక ఎవరికైనా ఏదైనా అయితే?

దాంతో పొద్దస్తమానం ఫోన్లే.

“ఏంటండీ, మీ సైటు కుంటుతోందా?”

“ఒక్క క్షణం బాబూ, వచ్చేస్తుంది. పెట్టేయకండి!”

పెట్టేస్తారేమోనన్న బెంగతో ఆమె ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేది. ఆమె దగ్గర ఉన్న మాటలన్నీ భయాలే. “ముందు తలుపుకేనా? మరి వెనక తలుపో? దొంగ ముందునుంచే వస్తానని మీకు మాటిచ్చాడా? చెవి ఒక్కటే ఉండి, అది కాస్తా లోపల మర్చిపోయి, మీరేమో బయట వానలో... వద్దులెండి, తలుచుకుంటేనే కాళ్ళు వణుకుతున్నాయి.”

ఇన్ని ఫిర్యాదులొస్తున్నాయని కూతురితో మాత్రం అనేది కాదు. అసలే పిల్ల దిగులుగా ఉంది.

ఆఖరికి సైటు మరమ్మతులు చేసే ‘సైటు మాస్టారి’ని పిలిపించారు. పదింటికి వస్తానన్న మనిషి పదకొండున్నరకు వచ్చాడు.

“వేగం పెంచేవాడే ఇంత నిదానమా!” అని గొణిగింది తల్లి.

ఆయన ల్యాప్‌టాప్ తెరిచి తల పట్టుకున్నాడు. “ఒక్కో తాళం ఫోటో గోడంత పెట్టారు. ఇంత బరువేసుకుని సైటు నడవడం కాదండీ, కదలడమే గొప్ప.”

“బరువు తగ్గిస్తే తాళం బక్కగా కనిపించదూ?”

“చిక్కేది ఫోటో అమ్మా, తాళం కాదు.”

ఫోటోలు కుదించాడు. పేజీ పైన ఊరికే గంతులేసే తాళంబొమ్మను పీకేశాడు. మధ్యాహ్నానికి, “ఇప్పుడు లెక్కపెట్టండి,” అన్నాడు.

“ఒక...” అంది తల్లి. ‘టి’ అనేలోపే తెరుచుకుంది.

“ఇంత వేగమా? ఎక్కడా గుద్దుకోదు కదా?”

మాస్టారు నవ్వాడు. “ఇక ఆ ‘కాస్త ఆగండి’ ఎవరికీ కనిపించదు. కనిపించేంత వ్యవధే లేదు.”

ఆ రోజునుంచి ఫోను మోగలేదు. ఒక్క ఫిర్యాదంటే ఒక్కటి లేదు! ఏడు నెలల్లో మొదటిసారి తల్లి కాఫీ వేడిగా తాగింది.

వారం తిరిగేసరికి కూతురి ముఖం పీక్కుపోయింది. “వారం మొత్తానికి రెండే ఆర్డర్లమ్మా. వస్తున్నారు, చూస్తున్నారు, పోతున్నారు.” వెనక గదిలో యంత్రం కూడా నోరు మూసుకుంది. క్యాలెండరులో సున్నాకు ఇక నాలుగు గళ్ళే దూరం.

అప్పుడు ఫోను మోగింది.

“పిన్నిగారూ, పోయిన నెల మీ దగ్గర తాళాలు కొన్న దర్జీని. మీ సైటుకేమైందండీ? నొక్కితే చాలు తెరుచుకుంటోంది, మీతో మాట్లాడ్డానికి సందే లేదు! నంబరు దాచుకున్నాను కాబట్టి సరిపోయింది. మా అక్కావాళ్ళు ఇల్లు మారారు, ఓ తాళం కావాలి.”

“ఒక్కటా? మేడ తలుపుకు? పెరటి గేటుకు? ఇంట్లో చిన్నపిల్లలుంటే మందుల అలమరకు? అయ్యో నాయనా, ఇల్లు మారినప్పుడే ఏదైనా జరిగేది...”

పది నిమిషాలైంది. ఫోను పెట్టగానే కంప్యూటరు టింగుమంది: ఐదు తాళాలు, పది అదనపు చెవులు.

తల్లి తల తిప్పితే గుమ్మంలో కూతురు. యంత్రం ఆగి ఉంది కదా, అంతా వినేసింది.

“అమ్మా, ఇదివరకు ఫోన్ చేసినవాళ్ళందరితోనూ ఇలాగే మాట్లాడావా?”

తల్లి చప్పున లేచి నిలబడింది. అయిపోయింది! కొనవచ్చినవాళ్ళను బెదరగొట్టి, కూతురి కొట్టుకు తన నోరే తాళం వేసింది. “తప్పయిపోయిందే తల్లీ! సైటు తెరుచుకునేదాకా వాళ్ళు పెట్టేస్తారేమోనని... ఇక నోరు మెదిపితే ఒట్టు!”

కూతురు కంప్యూటరు ముందు కూర్చుని పాత ఆర్డర్లన్నీ పైనుంచి కిందిదాకా చూసింది. ఒక్కటీ ఒంటి తాళంతో ఆగలేదు. క్యాలెండరు వంక చూసింది. ఫోను అందుకుంది.

పాత ఆఫీసుకే! తల్లి కళ్ళు గట్టిగా మూసుకుంది.

“సైటు మాస్టారూ, మా నలభై సెకన్లు మాకిచ్చేయండి.”