మొదటి ముద్రణ ప్రతి

"ఇంటికి తీసుకెళ్లి చదువుకో తల్లీ," అంటూ పైవాటాలో అద్దెకుండే విశ్వేశ్వరరావు నాగలోకపు సాహసాల నవలను పల్లవి చేతిలో పెట్టాడు.

పిల్లల పుస్తకమే అయినా, ఆ మొదటి ముద్రణ ప్రతి ఇప్పుడు ఎక్కడా దొరకదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన తెలంగాణ ర్యాలీ నుంచి వచ్చి, కూతురి కోసం అప్పుడే పైకెక్కిన పల్లవి తండ్రి, ఆ ఇంటి ఓనరు అయిన బాల్‌రాజ్ తెల్లబోయాడు.

"ఏంది సార్, చేతులు కడుక్కోనిదే ముట్టనియ్యని బుక్కు. గిట్ల ఇచ్చేస్తున్నరు?"

"ఇల్లు ఖాళీ చేసి తెనాలి వెళ్లిపోతున్నానండీ. పాప దగ్గరైతే భద్రంగా ఉంటుంది."

"తెలంగాణ అడుగుతున్నం గని, మిమ్మల్ని పొమ్మన్ననా సార్?"

"అనలేదు. కానీ మెట్ల మీద ఎదురైనా మీరు పలకరించడం మానేశారు."

బాల్‌రాజ్ కూతురి వైపు తిరిగాడు.

"బుక్కు సార్‌కు ఇచ్చెయ్ బిడ్డా. రేపు పొద్దుగాల ఈడికే ఒచ్చి చదువుకో," అన్నాడు. "నేను గూడ ఒస్త. జర చాయ్ పెట్టుండ్రి సార్."