చెయ్యి పట్టని సందు

మామగారితో వేగడం కష్టమని కోడలు ఎవరితోనూ అనలేదు. ఆ అవసరం రాలేదు. ఆయన్ని ఒక్క పూట చూసినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే ఆమె మీద జాలిపడి వెళ్ళేవారు. కాఫీ చల్లారిందంటే ఊరుకుంటారు. మనవరాలికి జ్వరమంటే మాత్ర వెయ్యమంటారు. పికప్ బండి కాస్త గరగరమన్నదంటే మాత్రం ఆ పూట భోజనం ముట్టరు.

ఆరు నెలలకొకసారి ఆ బండికి ఇంజనాయిలు, ఫిల్టరు మార్చాలి. క్యాలెండర్లో ఆ తారీఖు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా ఉంటుంది. మెకానిక్కు చెయ్యి పడనివ్వరు. ఆయనే బండి కిందికి దూరతారు, కోడలు పక్కన కూర్చుని పానాలు అందిస్తుంది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ అదే వరస.

ఈసారి ఆ సున్నా రేపటి మీద ఉంది. మామగారి వెన్నుకు ఆపరేషనై ఏడు వారాలు. వంగకూడదు, పాకకూడదు, బరువెత్తకూడదన్నాడు డాక్టరు. ఇంకోసారి నరం నలిగితే కాళ్ళు రెండూ పడిపోతాయని కోడల్ని పక్కకు పిలిచి మరీ చెప్పాడు. దానికి తోడు నాలుగు రోజులుగా ఆయన నడుం మీద చెయ్యి తియ్యకుండా నడుస్తున్నారు. ఏమైందని అడిగితే ముసురు పట్టిందిగా, అదే సర్దుకుంటుందన్నారు.

పైగా ఈ నాలుగు రోజులూ బండి ఊసే ఎత్తలేదు. అదే ఆమెను భయపెట్టింది. ఆయన నోరు మెదపకుండా కూర్చున్నారంటే ఏదో ఎత్తు వేస్తున్నట్టే లెక్క.

మొగుడి చెవిన వేసింది. సాయంత్రం చూద్దామన్నాడు. ఆయనగారి సాయంత్రాలు ఎప్పటికి వస్తాయో పదకొండేళ్ళ కాపురంలో ఆమెకు అంతుపట్టలేదు.

నిన్న తనే వెళ్ళి ఫిల్టరూ ఆయిలు డబ్బా కొనుక్కొచ్చింది. మీ ఇంట్లో ఎన్ని బళ్ళున్నాయండీ అని అడిగాడు దుకాణం అతను. ఒక్కటే ఎక్కువైందంది. తెచ్చి పిండి డబ్బా వెనక దాచింది.

ఇవాళ మామగారు భోంచేసి నడుం వాల్చగానే, భర్త పాత ప్యాంటూ చొక్కా తొడుక్కుని షెడ్డులోకి నడిచింది. రెండింటి నుంచి మూడున్నర దాకా ఆయన నిద్ర. ఈలోగా పని అయిపోవాలి. మధ్యలో లేచి చూశారంటే తప్పుకోమని ఆయనే దూరతారు. ఆ మొండిఘటాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

అట్టపెట్టె చింపి పరుచుకుని వెల్లకిలా పాకింది. కింది బోల్టు సులువుగానే ఊడింది. ఆయిలు తేనెరంగులో బేసిన్లోకి జారింది. ఏడు వారాలుగా కదలని బండి, ఆయిలు నల్లబడటానికి తీరికెక్కడిది అనుకుంది.

అసలు కష్టం ఫిల్టరు దగ్గర. దాన్ని అక్కడ పెట్టినవాడెవడో గానీ జన్మలో ఒక్కసారి కూడా మార్చి ఉండడు. ఇంజనుకూ ఇరుసుకూ సైలెన్సర్ గొట్టానికీ మధ్య బెత్తెడు సందు. కంటికి ఆనదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి, మణికట్టు వెనక్కి మెలితిప్పి, వేళ్ళతో తడుముకోవాలి.

పట్టుకుని తిప్పింది. కదల్లేదు. గిన్నెలు తోమే రబ్బరు తొడుగులు వేసుకుని తిప్పింది. ఉడుంపట్టు. ఈయనవి చేతులా పట్టుకార్లా అని గొణుక్కుంది.

మూడు దాటింది. లోపల దగ్గు వినిపించింది. ఊపిరి బిగబట్టింది. మంచం కిర్రుమంది. మళ్ళీ నిశ్శబ్దం.

చప్పుడు కాకుండా బయటికి పాకి, అరలోంచి గరుకు కాగితం తెచ్చుకుంది. ఫిల్టరు చుట్టూ అది చుట్టి, పళ్ళు బిగించి ఒక్క గుంజు గుంజింది. మణికట్టు చెక్కుకుపోయింది. ఫిల్టరు వెంట్రుకవాసి కదిలింది. తర్వాత పావు చుట్టు. తర్వాత మోచేతి మీదుగా చొక్కాలోకి ఆయిలు. ఊడిన ఫిల్టరును చూడకుండానే బేసిన్లో పడేసింది.

కొత్తదాని రబ్బరు రింగుకు ఆయిలు రాసి, తడుముకుంటూ మరలో కూర్చోబెట్టబోయింది. అడ్డంగా పట్టింది. మళ్ళీ పెడితే జారింది. తలప్రాణం తోకకొచ్చాక గాడిలో పడింది.

చివరి చుట్టు బిగిస్తుండగా చెప్పుల చప్పుడు.

రెండు పాదాలు చక్రం పక్కన వచ్చి ఆగాయి. తర్వాత, మెల్లగా, ఒక మోకాలు వంగడం మొదలైంది.

ఆమె చెయ్యి ఇంకా సందులోనే ఇరుక్కుని ఉంది.

"మామయ్యా, వంగొద్దు. మీకు దణ్ణం పెడతా. అయిపోయింది. మీరు దూరతారని భయమేసి నేనే చేశాను. తిట్టాలంటే నిలబడి తిట్టండి."

మోకాలు ఆగింది. నెమ్మదిగా నిటారైంది.

చెయ్యి లాక్కుని బయటికి పాకింది. ముక్కు మీద, జుట్టులో, అంతటా ఆయిలే. తిట్లకు సిద్ధపడి తల వంచుకుంది. మామగారు ఆమె వంక చూడటం లేదు. బేసిన్ వంక చూస్తున్నారు.

"ఎంతసేపు పట్టింది?"

"గంట పైనే. విప్పడానికే అంతా. తిట్టరేంటి మామయ్యా?"

ఆయన గొంతు సవరించుకున్నారు.

"తప్పు నాదేనమ్మాయ్, మంగళవారం నువ్వు మీ అమ్మగారింటికి వెళ్ళినప్పుడు నేనే కింద దూరి మార్చేశాను, ఇప్పుడు నువ్వు విప్పి పారేసింది కొత్త ఫిల్టరు."