యాభై పౌండ్ల బిగువు

కుమారస్వామి రాకెట్ అందుకోగానే బొటనవేలి గోటితో తీగలు మీటి చూశాడు.

వదులుగా అనిపించాయి. మొహం చిట్లించాడు.

ఎమ్మిగనూరులో ముప్పై ఏళ్లుగా మగ్గం నేస్తున్న మనిషి. పడుగు వదులైతే చీర పాడవుతుందని ఊహ తెలిసినప్పటి నుంచి విన్నవాడు. అందుకే పడుగు దారాన్ని మీటినట్టే కూతురి రాకెట్‌నూ మీటి చూస్తాడు. ఆ వేలి మీద ఆయనకున్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు.

కూతురు అంజలికి పదమూడేళ్లు. స్కూల్లోని సిమెంటు కోర్టులో టెన్నిస్ నేర్చుకుని జిల్లాలో మొదటి స్థానానికి వచ్చింది. వారంలో అకాడమీ సెలెక్షన్లు. నెగ్గితే చదువు, తిండి, ఆట అన్నీ వాళ్లే చూసుకుంటారు. ఓడితే మగ్గం ఉండనే ఉంది.

అందుకే ఆదోని దాకా వచ్చి, ఉదయ్ ఆటసామాన్ల దుకాణంలో రాకెట్‌కు గట్టింగ్, అంటే కొత్త తీగలు, చేయించాడు. కట్టింది వసంత. నలభై ఏళ్లుంటాయి. పనిలో చేరి రెండు నెలలు కూడా కాలేదు.

"ఎంత బిగువుకు కట్టినావమ్మా?"

"యాభై పౌండ్లకు."

"అరవై రెండుకు బిగించు. బంతి తూటా మాదిరి పోవల్ల."

వసంత తల అడ్డంగా ఊపింది.

"అంత బిగువుకు కడితే దెబ్బంతా మోచేతికి పోతాదన్నా. ఎదిగే పిల్ల. నేను కట్టను."

పాపకు చెయ్యి నొప్పేమైనా ఉందా అని కూడా అడిగింది. అంజలి తండ్రి వైపు ఒకసారి చూసి, లేదంది.

కుమారస్వామికి ఒళ్లు మండింది.

"నా బతుకంతా దారం బిగువుతోనే పోయింది. నాకు సెప్తావా నువ్వు?"

వసంత రాకెట్‌ను బల్ల మీద పెట్టేసింది. మళ్లీ తీగలు బిగించే మిషన్ ఎక్కించలేదు.

కుమారస్వామి నేరుగా దుకాణం యజమాని ఉదయ్ దగ్గరికి పోయాడు. అడిగిన పని చేయకుండా నీతులు చెప్పేవాళ్లను పెట్టుకుంటే దుకాణం మూసుకోవాల్సిందేనన్నాడు. ఉదయ్‌కూ ఆమె మీద ఇలాంటి ఫిర్యాదు కొత్త కాదు. రేపటి నుంచి రావొద్దని అందరి ముందే వసంతకు చెప్పేశాడు.

ఆమె బ్యాగు తీసుకుని లేచింది. పోతూ పోతూ అంజలి దగ్గర ఆగి, నొప్పి పుడితే ఆడొద్దని, నాయన దగ్గర దాచొద్దని మెల్లగా చెప్పింది.

రాకెట్‌ను ఉదయే బిగించి ఇచ్చాడు. కుమారస్వామి మీటాడు. ఈసారి తీగ ఖంగుమంది. అప్పుడు గానీ ఆయన మొహం విప్పారలేదు.

సెలెక్షన్లలో మూడో గేమ్ ఆడుతుండగా అంజలి కేక వేసింది. రాకెట్ చేతిలోంచి జారిపోయింది.

బళ్లారి డాక్టరు ఎక్స్‌రే చూశాడు. మోచేతిలో ఎముక ఎదిగే చోటే విరిగి పక్కకు జరిగిందన్నాడు. ఆపరేషన్ చేస్తే చెయ్యి మామూలు పనులకు వస్తుందట, టెన్నిస్‌కు మాత్రం ఇక రాదట. రెండు నెలలుగా నొప్పి ఉందని అంజలి అప్పుడు ఏడుస్తూ ఒప్పుకుంది.

ముందే ఎవరికైనా చూపించకపోయారా అని డాక్టరు అడిగాడు.

"ఇట్లాంటి మోచేయే పద్దెనిమిదేళ్ల కిందట ఒకటి చూసినా," అన్నాడు డాక్టరు. "దేశదేశాలు తిరిగి టెన్నిస్ ఆడి, ఆటతోనే బతికిన పిల్ల. బిగువు తీగలతో నొప్పి దాచుకుని ఆడి, ఇరవై రెండేళ్లకే చెయ్యి పోగొట్టుకుంది. పేరు వసంత. ఇప్పుడు ఆదోనిలోనే యాదో దుకాణంలో రాకెట్లు కడతాందంట, ఒక్కసారి ఆయమ్మ కంట పడింటే నీ బిడ్డ చెయ్యి మిగిలిండేదప్పా."