నవ్వితే పడిపోయే జబ్బు

ఇంటింటా గోడ అద్దమే జబ్బులు చెప్పే కాలం. దానికి అంతుచిక్కనివాళ్లే డాక్టర్ హైమవతి దగ్గరికొచ్చేవారు. నవ్వితే స్పృహ తప్పే సింహాద్రి జబ్బు ఆవిడే పట్టింది. అద్దం ముందు ఎవడు నవ్వుతాడు? ఆవిడ నవ్వించి చూసింది.

నయమయ్యాక సింహాద్రి సీతాఫలాల బుట్టతో వచ్చాడు.

"ఈ జబ్బు సంగతి అద్దానికి సెప్పకండమ్మా. మావోళ్లు ముగ్గురికీ ఇదే తంతు. ఈ వారంలో మీకాడికే తోలుకొస్తాను."

ఒక్క అద్దానికి చెబితే అన్ని అద్దాలకూ తెలిసిపోతుంది. హైమవతి రోగుల్లేని ఖాళీ బెంచీకేసి చూసింది. లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది. ఈలోగా వాళ్లలో ఎవరైనా మేడ మెట్ల మీద నవ్వితే?

తన గది గోడ అద్దంవైపు తిరిగి మొత్తం చెప్పేసింది.

"నేర్చుకున్నాను," అంది అద్దం. "ఈ జబ్బుకిక డాక్టరు అక్కర్లేదు."

సింహాద్రి బిక్కమొహం వేశాడు.

"మరి మావోళ్లు పళ్లు ఎవరికి తేవాలమ్మా?"